పదమూడు నెలల పిల్లకు సెలవు లేదు

హన్మకొండ నక్కలగుట్టలో ఒక మందుల దుకాణం పైన ఉన్న డయాగ్నస్టిక్ సెంటర్లో దివ్య పదకొండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్. నెలల పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు మెట్లెక్కుతూనే "దివ్య మేడం ఉన్నదా?" అని అడుగుతారు. లేదంటే మళ్లీ వస్తామని వెనక్కి పోతారు. చంటిపిల్లలకు నరం దొరకబట్టి రక్తం తీయడంలో ఆమెది అంత మంచి చెయ్యి. ముందు పిల్ల అరచేతిని తన గుప్పిట్లో పెట్టుకొని కాసేపు ఊరకే కూర్చుంటుంది. చెయ్యి వెచ్చబడి, పిల్ల చూపు ఆమె మెడలోని ఐడీ కార్డు మీదికి పోయేదాకా ఆగుతుంది. సూది ఎప్పుడు దిగిందో ఎప్పుడు వచ్చిందో తల్లికి కూడా తెలియదు.

ఆమెకు మాత్రం పిల్లలు కలగలేదు. పెళ్లయిన మొదటి ఐదేళ్లు హైదరాబాదు దాకా తిరిగి మందులు వాడారు. భర్త రాజేష్ ఏసీ మెకానిక్. ఒకరోజు దవాఖాన నుంచి తిరిగొస్తూ కాజీపేట స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నప్పుడు అతనే అన్నాడు.

"మనకు పిల్ల కావాల్నా, కడుపు కావాల్నా?"

దివ్య చేతిలోని మందుల చీటీ మడిచి సంచిలో పెట్టింది. "పిల్లనే బావా," అంది.

2019 నవంబరులో దత్తత కోసం పేర్లు రాయించుకున్నారు. కాజీపేటలో వాళ్లుండే రెండు గదుల ఇంటికి భద్రమ్మ అనే సోషల్ వర్కర్ వచ్చింది. కిటికీలకు ఊచలు ఎంత దగ్గరగా ఉన్నాయో, గ్యాసు పొయ్యి ఎంత ఎత్తులో ఉందో అన్నీ చూసింది. చర్చి పాస్టరమ్మతో, పక్కింటివాళ్లతో మాట్లాడింది. చివర్లో ఫారం మీద పెన్ను పెట్టి అడిగింది.

"పాప వచ్చినంక మొదటి నెలల్ల పాప దగ్గర ఎవరుంటరమ్మా?"

"నేనే ఉంట మేడం. మా సెంటర్ల సెలవిస్తరు," అని వెంటనే చెప్పింది దివ్య. ఆ మాటలో ఆమెకు అనుమానమే లేదు. తన పక్క టేబుల్ మీద పనిచేసే సుకన్య అంతకు ముందు ఏడాదే కాన్పుకు పోయింది. ఆరు నెలలు ఇంటి దగ్గర ఉంటే ఆరు నెలల జీతమూ వచ్చింది. ఆ ఆరు నెలలూ సుకన్య పని కూడా దివ్యే చేసింది. తల్లి అయితే సెలవిస్తారు, తనూ తల్లి కాబోతోంది, అంతే కదా అనుకుంది. భద్రమ్మ ఆ మాట రాసుకుంది.

మూడేళ్లు దాటాక, 2023 మార్చిలో, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తుండగా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఒక ఆడపిల్ల. వయసు పదమూడు నెలలు. నలభై ఎనిమిది గంటల్లో ఔనో కాదో చెప్పాలి. ఫొటో కంటే ముందు దివ్య కళ్లు రక్తపరీక్ష రిపోర్టు మీద పడ్డాయి. హిమోగ్లోబిన్ ఏడూ పాయింట్ తొమ్మిది. బరువు ఏడున్నర కిలోలు. రోజూ వందల రిపోర్టులు చూసే మనిషి, ఆ రెండు అంకెల్ని పదిసార్లు చదివింది. ఆ తర్వాత గాని ఫొటో చూడలేకపోయింది. గుండు చేసిన తల, పెద్ద కళ్లు. కెమెరా వైపు కాక ఎటో పక్కకు చూస్తోంది.

సెంటరు యజమాని డాక్టర్ సారంగపాణి. అరవై దాటిన మనిషి. దివ్య ఆయన గదిలోకి పోయి ఫోను ముందు పెట్టింది. ఆయన అద్దాలు పైకి నెట్టుకొని రిపోర్టు మొత్తం చూశాడు.

"ఐరన్ తక్కువ. ఇంకేం లేదు. తిండి పడితే ఆరు నెలల్ల సర్దుకుంటది. తెచ్చుకో," అన్నాడు.

"సెలవు కావాలె సార్."

"తీసుకోమ్మా. దానికేమున్నది."

ఆ సాయంత్రమే ఇద్దరూ ఔనని చెప్పారు. రెండు రోజులు దివ్య కాళ్లు నేల మీద నిలవలేదు. మూడో రోజు డాక్టరు పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమనడం అరుదు.

"మన అకౌంట్లు చూసేటాయనను అడిగిన దివ్యా. దత్తత తీసుకుంటే పన్నెండు వారాలు జీతంతో సెలవున్నదట. కాని పాపకు మూడు నెలల లోపు ఉండాల్నట. మీ పాపకు పదమూడు."

"మూడు నెలల లోపు పిల్లలు మా దాక రానే రారు సార్. దత్తతకు ఇయ్యొచ్చని పిల్ల కాయితాలు సాఫ్ కావడానికే అంతకన్న ఎక్కువ పడ్తది."

"చట్టం నేను రాయలేదు కదమ్మా." ఆయన గొంతులో కోపం లేదు. "సుకన్య సంగతి వేరు. ఆపరేషనయింది, కుట్లు, పాలియ్యాలె. నీకు ఒంట్ల ఏ బాధా ఉండదాయె. పిల్ల కూడ అన్నం తినే ఈడుది. నీ సెలవులు పదిహేను రోజులున్నయి, జీతంతో తీసుకో. ఆ తర్వాత జీతం లేకుండ ఇంకో పదిహేను రోజులు చూస్త. ఎండకాలం జ్వరాలు మొదలైతే నేను మనిషిని పెట్టుకోక తప్పది."

ఆయన ఆమెను నొప్పించాలని అనలేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. ఒంట్లో ఏ బాధా ఉండదాయె. మెట్లు దిగుతూ దివ్య ఆ మాటనే తిప్పి తిప్పి అనుకుంది.

ఇంట్లో చెబితే రాజేష్ చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు. మార్చి నుంచి జూన్ దాకా అతనికి పని ఊపిరి తీసుకోనివ్వదు. మడికొండ వైపు కొత్త అపార్టుమెంట్లు లేచాక మరీ ఎక్కువైంది. ఆ నాలుగు నెలల సంపాదన మీదే మిగతా ఏడాది గడవాలి. అతనికి సెలవంటే ఆ రోజు పైసలు లేవని అర్థం. ఎవరిని అడగాలో కూడా తెలియదు.

"నాకు కూడ ఎవరన్న సెలవిస్తే బాగుండు," అన్నాడు నవ్వబోయి.

అతని తల్లి సువార్తమ్మ గోడకు ఆనుకొని చింతపండు పిక్కలు తీస్తోంది. మోకాళ్లు పట్టేసి రెండేళ్లుగా ఇంట్లోనే ఉంటోంది. అంతకు ముందు ముప్పై ఏళ్లు రైల్వే క్వార్టర్లలో ఇళ్లల్లో పనిచేసింది.

"వీన్ని కన్న ఇరవయ్యో నాడు పనికి పోయిన నేను," అంది తల ఎత్తకుండా. "నాకెవరిచ్చిన్రు కూసున్న దినాలకు జీతం? ఆ డాక్టరు మాత్రం చెయ్యని పనికి పైసలెందుకిస్తడు? నేను లేనా పిల్లను చూసుకోను?"

జీతం లేని ఆ పదిహేను రోజులు తీసుకుంటే ఇల్లు గడవదు, పదహారో రోజు పనికి పోక తప్పదని దివ్యకు తెలుసు. ఆమెను పట్టుకున్న భయం వేరే. పిల్లను ఇంటికి తెచ్చుకున్నంత మాత్రాన పిల్ల తమదైపోదు. కలెక్టర్ ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చేదాకా తాత్కాలికంగా అప్పగించినట్టే లెక్క. ఈలోపు భద్రమ్మ వచ్చి చూస్తుంది. నేనే ఉంట మేడం అన్న మాట ఆ ఫైల్లో రాసి ఉంది. పదహారో రోజు భద్రమ్మ వచ్చి తలుపు కొడితే, పిల్ల ముసలామె దగ్గర, తను నక్కలగుట్టలో ఉంటే, అబద్ధం చెప్పిందనుకుంటే?

ఏప్రిల్ మొదటి వారంలో వేరే జిల్లాలోని శిశుగృహకు పోయి పిల్లను తెచ్చుకున్నారు. పేరు హెప్సిబా అని ముందే అనుకున్నారు. అక్కడ మాత్రం అందరూ జాను అని పిలిచేవారు. ఆయా పిల్లను చేతికిస్తూ, "మా జాను ఏడ్వనే ఏడ్వదమ్మా. బంగారం," అంది. దివ్యకు గర్వంగా అనిపించింది. దారి పొడుగునా పిల్ల నిజంగానే ఏడవలేదు. బస్సు కుదిపినా, ఎండ మొహం మీద పడినా, ఆకలైనా ఏడవలేదు.

మరునాడు భద్రమ్మ ఫోన్ చేసినప్పుడు దివ్య ఆ సంగతే మురిపెంగా చెప్పింది.

"ఏడ్వదని సంతోషపడకు బిడ్డా," అంది భద్రమ్మ. "ఏడిస్తే ఎవరన్న వస్తరని తెలిసిన పిల్ల ఏడుస్తది. ఎవరూ రారని తెలిసిన పిల్ల ఊకుంటది. జర కనిపెట్టుకోని ఉండు. ఒక్క మనిషి చేతికి అలవాటు కానియ్యి. మూడు నెలలన్న పడ్తది."

మూడు నెలలు. దివ్య చేతిలో ఇంకా పద్నాలుగు రోజులున్నాయి.

ఆ రోజులు ఆమె జీవితంలో ఎంత ముఖ్యమైనవో అంత తొందరగా కరిగాయి. హెప్సి పెట్టిన ఇడ్లీలో సగం తిని సగం గుప్పిట్లో దాచుకునేది. గుప్పిట విప్పబోతే ఒళ్లంతా బిగబట్టుకునేది. గదిలో అటూ ఇటూ పాకేది గాని గడప దాటేది కాదు. దివ్య వంటింట్లోకి పోతే గడప దాకా వచ్చి, అక్కడే కూర్చొని చూసేది. అక్కడ శిశుగృహలో గుమ్మానికి చెక్క అడ్డం పెట్టేవారట. రాజేష్ పని నుంచి హెల్మెట్‌తో లోపలికి వస్తే గోడ మూలకు జరిగేది. అతను బయటే హెల్మెట్ తీసి, మొహం కడుక్కొని వచ్చేవాడు. అయినా పొద్దున ఏడుకు పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషిని పిల్ల ఎప్పుడు గుర్తుపట్టాలి?

పదకొండో రోజు దివ్య పప్పు తాలింపు వేస్తుంటే నైటీ అంచు ఎవరో లాగినట్టయింది. కిందికి చూస్తే హెప్సి. గడప దాటి వచ్చింది. దివ్య పొయ్యి ఆపేసి కింద కూర్చుండిపోయింది. సంతోషం గుండె నిండకముందే, ఇంకా నాలుగే రోజులు అనే మాట దాని వెనకే వచ్చి నిలబడింది.

పదహారో రోజు పొద్దున దివ్య తల దువ్వుకొని బ్యాగు తీసుకుంటే పిల్ల చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. దివ్య వీధి చివర ఆటో ఎక్కేదాకా వెనక్కి చూస్తూనే ఉంది. తలుపు దగ్గర సువార్తమ్మ చంకలో పిల్ల అట్లాగే కొయ్యబొమ్మలా ఉంది. ఆ రోజు హెప్సి ఏమీ తినలేదు. రెండో రోజు రెండు ముద్దలు తిని కక్కింది. దివ్య గంటకోసారి ఫోన్ చేసేది. ఫోన్ మోగితే భద్రమ్మేమోనని ఉలిక్కిపడేది.

మూడో రోజు పదకొండున్నరకు సువార్తమ్మే ఫోన్ చేసింది.

"పిల్ల ఏడుస్తాంది దివ్యా."

"ఏడుస్తాందా?"

"గంట నుంచి. నిద్రల నుంచి లేచి సక్కగ వంటింట్లకు పోయింది. నువ్వు కనవడకపాయె. ఇగ అప్పటి నుంచి ఎత్తుకున్నా ఊకుంటలేదు. ఇగో ఇను."

ఫోన్లోంచి ఒక గొంతు వినిపించింది. బొంగురుగా, ఆగి ఆగి, మధ్యలో ఊపిరి అందక విరిగిపోతూ. దివ్య ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. తన పిల్ల ఏడుపు ఎట్లా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. పిల్ల తన కోసం ఏడుస్తోంది. తను వస్తుందని నమ్మి ఏడుస్తోంది. తను ఇక్కడుంది.

"అత్తమ్మా, నేను..." అంటుండగానే రిసెప్షన్ నుంచి పిలుపు వచ్చింది. ఎనిమిది నెలల పిల్లాడు, నాలుగు రోజులుగా జ్వరం. దివ్య వెళ్లి కూర్చుంది. చిన్న చేతిని గుప్పిట్లో పెట్టుకుంది. ఎంతసేపు పట్టుకున్నా ఆ చెయ్యి వెచ్చబడలేదనిపించింది. తన చేతులే చల్లగా ఉన్నాయని తట్టలేదు. సూది వేసింది. నరం దొరకలేదు. రెండోసారి వేసింది. పిల్లాడు గుక్కపట్టాడు. తల్లి మొహం మాడ్చుకుంది.

పక్క టేబుల్ నుంచి సుకన్య లేచి వచ్చింది. "అక్కా, నువ్వు లే. నేను చూస్త," అని నెమ్మదిగా సూది తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంటికి పో," అంది.

దివ్య ఇంటికి పోయే ముందు డాక్టరు గదిలోకి వెళ్లింది. ఇంతకు ముందు ఎప్పుడూ పిలవకుండా ఆ గదిలో కూర్చోలేదు. ఈసారి కూర్చుంది.

"సార్, సుకన్య కుట్లు ఎన్ని రోజులకు మానుతయి?"

ఆయనకు అర్థం కాలేదు. "మామూలుగ అయితే ఆరు వారాలు."

"ఆమెకు ఇరవై ఆరు వారాలిచ్చిన్రు. ఆరు వారాలు కుట్లకు అనుకుందాం. మిగిలిన ఇరవై వారాలు ఎవరికిచ్చిన్రు సార్?"

డాక్టరు పెన్ను మూత పెట్టాడు.

"పిల్లకే గద సార్. మరి మా పిల్లకు ఎందుకు లేదు? దానికి నేను పద్దెనిమిది రోజుల నుంచే తెలుసు. సుకన్య పిల్లకైతే కడుపుల నుంచే తల్లి తెలుసు."

"నువ్వు చెప్పేది కరెక్టే కావచ్చు," అన్నాడాయన. "కాని నాకు పదమూడు మంది స్టాఫ్. నీకు కూసోబెట్టి ఇచ్చి, నీ పనికి ఇంకొకరికిచ్చి, నేను రెండు దిక్కుల ఎట్లియ్యాలె? గవర్నమెంటు రూలు పెడ్తది, పైసలు నన్ను పెట్టుమంటది. పెద్ద పెద్ద కంపెనీలకు నడుస్తది. నాకు?"

ఆ మాటలో కూడా అబద్ధం లేదని దివ్యకు తెలుసు. కొత్త మిషను అప్పు సంగతి, రెండు నెలల కింద ఆయన రిసెప్షన్ అమ్మాయిల్లో ఒకరిని తీసేయాల్సి వచ్చిన సంగతి ఆమె చూస్తూనే ఉంది. అయినా లేచి నిలబడింది.

"జీతం లేకుండనే పోత సార్. మనిషిని పెట్టుకోన్రి. నా పేరు మాత్రం తీసెయ్యకున్రి."

"మాటియ్యలేను దివ్యా."

ఆటోలో కూర్చున్నాక ఆమెకు తన పదకొండేళ్లు గుర్తొచ్చాయి. ఇంటికి చేరేసరికి హెప్సి ఏడ్చి ఏడ్చి సువార్తమ్మ భుజం మీద వెక్కుతోంది. దివ్యను చూసి చేతులు చాచలేదు. మొహం తిప్పుకుంది. దివ్య గడప దగ్గరే కూర్చుంది. అరగంట తర్వాత పిల్ల తనే పాకుతూ వచ్చి ఒళ్లో తల పెట్టింది.

సువార్తమ్మ ఎదురుగా మంచం మీద కూర్చొని మోకాళ్లు ఒత్తుకుంటోంది. ఉన్నట్టుండి అంది. "ఇరవయ్యో నాడు పనికి పోయిననంటి గద. వీడు ఐదేండ్ల దాక మా అమ్మనే అమ్మా అన్నడు. నన్ను పేరు పెట్టి పిలిచేటోడు." మోకాళ్ల మీది చేతులు తీసి, "పోకు ఇగ. ఎట్లనన్న ఎల్లదీసుకుందం," అంది.

మిగిలిన ఏప్రిల్, మే, జూన్. రాజేష్ ఆదివారం చర్చి కూడా మానేసి పనికి పోయాడు. మే నెలలో ఒకసారి ఎండదెబ్బ తగిలి రెండు రోజులు పడుకున్నాడు. ఆ రెండు రోజుల్లోనే పిల్ల అతని బనీను పట్టుకొని ఆడటం మొదలుపెట్టింది. దివ్యకు అది చూసి సంతోషించాలో, అతను లేవలేదని భయపడాలో తెలియలేదు. సుకన్య అప్పుడప్పుడు ఫోన్ చేసి సెంటర్ సంగతులు చెప్పేది. యాకయ్య అనే కొత్త టెక్నీషియన్ వచ్చాడని చెప్పిన రోజు దివ్యకు ముద్ద దిగలేదు.

భద్రమ్మ మే చివర్లో వచ్చింది. హెప్సి ఆమెను చూడగానే దివ్య మెడ గట్టిగా పట్టుకొని ఏడుపు లంకించుకుంది. దివ్య ఆమెకు మంచినీళ్లిచ్చి, మనసులో కుమిలిపోతున్నదంతా చెప్పేసింది. సెలవు రాలేదని, పిల్లను మూడు రోజులు వదిలేసి పోయానని, ఇప్పుడు జీతం లేదని, ఉద్యోగం ఉన్నదో లేదో తెలియదని.

భద్రమ్మ ఫారం నింపుతూ విన్నది. "తల్లి ఇంట్లనే ఉన్నదా అని ఉన్నది ఈ ఫారంల. ఉన్నవు, రాసిన. జీతం వస్తాందా అన్న గడి ఇందుల లేదమ్మా," అంది. ఏడుస్తున్న పిల్లను చూసి, "ఇది మంచి ఏడుపు," అని పెన్ను బ్యాగులో పెట్టుకుంది. ఆర్డరు ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేనంది.

ఆర్డరు జూలై రెండో వారంలో వచ్చింది. ఆ కాగితం దివ్య మూడుసార్లు చదివి, రాజేష్‌తో చదివించి, సువార్తమ్మకు చదివి వినిపించింది. అదే వారంలో డాక్టరు ఫోన్ చేశాడు. యాకయ్య మంచోడేగాని చంటిపిల్లల దగ్గర చెయ్యి వణుకుతోందట. తల్లులు వేరే ల్యాబులకు పోతున్నారట.

"పొద్దున ఏడు నుంచి పదకొండు దాక రా. సగం జీతమిస్త. ఆరు నెలలు గట్ల నడిపిద్దాం," అన్నాడు.

అప్పటికి వానలు పడి ఏసీ పనులు తగ్గాయి. పదకొండు దాకా రాజేష్ పిల్ల దగ్గర ఉండగలడు. దివ్య ఒప్పుకుంది. అది సెలవు జీతం కాదని, చేసిన పనికే పైసలని ఆమెకు తెలుసు. పోయిన మూడు నెలలు పోయినట్టే.

పనిలో చేరిన రోజు డాక్టరు ఆమె ముందు ఒక తెల్ల కాగితం పెట్టాడు. "ఆనాడు అడిగినవు కదా, ఇరవై వారాలు ఎవరికని. మన సెంటరు వరకు ఎట్లుండాల్నో రాయి."

దివ్య అక్కడే కూర్చొని రాసింది. దత్తత తీసుకున్న పిల్ల వయసు ఎంతైనా తల్లికి పన్నెండు వారాలు జీతంతో సెలవు. తండ్రి ఇక్కడి స్టాఫయితే అతనికి రెండు వారాలు. డాక్టరు చదివి, పన్నెండును కొట్టేసి ఎనిమిది చేశాడు. రెండు వారాలను వారం చేశాడు. కింద సంతకం పెట్టాడు.

"ఇంతకన్న నాతోని కాదు. పాత దానికి వర్తించదు. నీకు రాదు ఇది."

"ఎరుకే సార్."

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి రాజేష్ పనికి తయారై, పిల్లను ఎత్తుకొని గుమ్మంలో నిలబడ్డాడు. హెప్సి దివ్య మీదికి దుమికింది. దివ్య కాగితం సంగతి చెప్పింది.

"జీతమిస్తనన్నడా మరి?" అని లోపల్నుంచి సువార్తమ్మ అడిగింది.

"నాకు కాదత్తమ్మా."

"మరెవరికి?"

"ఇంకా ఎవరూ రాలే. ఎవరన్న వస్తే."

"ఎనిమిది వారాలు సరిపోవు," అంది సువార్తమ్మ. అని ఊరుకోకుండా, "పోయి చెప్పు," అని కూడా అంది.

దివ్య పిల్లను దించి చెప్పులు విప్పింది. రేపు పొద్దున ఏడుకు మళ్లీ పోవాలి. పిల్ల ఏడుస్తుందో, ఊరుకుంటుందో, ఏది మంచిదో ఆమెకు ఇంకా సరిగా తెలియదు. ముందు అన్నం కలిపి తెచ్చింది. హెప్సి నోరు తెరిచింది.